అమావాస్యనాడు పలికే గొంతు

పోయిన వారం మనం ధనశ్రీని గోడ కేలండరు ముందు నిలబెట్టి వచ్చాం. చినలంకపాలెం చేనేత సంఘం వాళ్ళ పోగు రేడియోకి ఇచ్చిన అనుమతి ఈ నెలాఖరుతో అయిపోతుంది. పదేళ్ళ గడువు. ఇంకో పదేళ్ళు పొడిగించమని భానుమూర్తి మాస్టారు దరఖాస్తు పెడితే, జవాబుగా ఒక ఫిర్యాదు వచ్చి పడింది. మీ రేడియోలో సొంతంగా వార్తలు చదువుతున్నారు, మీలాంటి ఊరి స్టేషన్లకి ఆ అనుమతి లేదు, తనిఖీకి మనిషిని పంపుతున్నాం అని. వార్తలు చదివారన్న రోజుల్ని ధనశ్రీ కేలండరులో వెతికింది. ప్రతి తేదీ పక్కనా నల్లటి గుండ్రటి చుక్క ఉంది. అన్నీ అమావాస్యలే. అమావాస్యనాడు ఆ ఊళ్ళో మగ్గం ఆడదు. మగ్గం ఆడని రోజున రేడియో కూడా పలకదు. స్టేషను పెట్టిన దగ్గర్నుంచీ అదే పద్ధతి. మరి పలకని రేడియోలో వార్తలు చదివింది ఎవరు?

ఆ ప్రశ్న పట్టుకున్న దగ్గర్నుంచీ ధనశ్రీకి కుదురు లేదు. భయం కన్నా తెలుసుకోవాలన్న ఆత్రమే ఆమెను ఎక్కువగా తినేస్తోంది. ఇంటర్ రెండో ఏడాదికి వచ్చిన ఈ పిల్ల పోగు రేడియోలో అందరి మాటల్నీ కత్తిరించి అతికించే పని చేస్తుంది. దగ్గులు తీసేస్తుంది, ఎక్కిళ్ళు తీసేస్తుంది, మధ్యలో కోడి బాగా కూస్తే మాత్రం ఉంచేస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే, మాట్లాడేది ఊళ్ళో ఎవరో రెండు ముక్కలు విని చెప్పేస్తుంది. కానీ మైకు ముందు కూర్చోమంటే గొంతు పూడుకుపోతుంది. "ఇంట్లో పేపరు గట్టిగా చదువుకో. రికార్డు చేసుకుని విను. భయం అదే పోతుంది," అని మాస్టారు ఆమె చేతికి రికార్డరు ఇచ్చి ఏడాది కావస్తోంది. చదవడం చదువుతుంది. రికార్డు కూడా చేస్తుంది. వినడం మాత్రం ఒక్కసారీ వినలేదు. తన గొంతు తానే వినాలంటే, నలుగురూ చూస్తుండగా అద్దంలో చూసుకోవాల్సి వచ్చినంత సిగ్గు.

తనిఖీకి మనిషి వచ్చిన రోజు కూడా అమావాస్యే.

రోహిణి కార్తె ఎండ అప్పటికే వీధిలోకి దిగిపోయింది. విజయవాడ నుంచి వచ్చిన కారు సంఘం భవనం ముందు ఆగింది. అందులోంచి నడివయసు ఆవిడ దిగింది. పేరు జ్ఞానేశ్వరి. భుజానికి పొడుగాటి సంచి, చేతిలో అరచేతిలో పట్టే రేడియో. దిగగానే ఆవిడ నమస్కారం పెట్టలేదు, కుర్చీ కోసం చూడలేదు. వీధి మధ్యలో నిలబడి తల కొంచెం వంచి విన్నది.

"ఇంత నిశ్శబ్దంగా ఉందేంటండీ? చేనేత ఊరంటే టకటకలతో చెవులు హోరెత్తిపోతాయనుకుంటూ వచ్చాను."

"ఇవాళ అమావాస్యండీ," అన్నారు భానుమూర్తి మాస్టారు, ఎదురెళ్ళి సంచి అందుకోబోతూ.

"తెలుసండీ. అందుకే ఇవాళొచ్చాను."

మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన ఆ పెద్దమనిషే పోగు రేడియోని నడిపిస్తున్నారు. దరఖాస్తులు రాసేదీ ఆయనే, పొద్దున్నే "శుభోదయం" అని మొదలుపెట్టేదీ ఆయనే. అధికారుల ముందు మాత్రం ఆయన హెడ్మాస్టరు గదిలోకి పిలిచిన కుర్రాడైపోతారు.

వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. ఓ కుర్చీలో ధనశ్రీ తాతయ్య చౌడయ్య కూర్చుని ఉన్నాడు. సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. ఆయన చెవులు మగ్గాల మధ్య అరిగిపోయిన చెవులు. మనిషి ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితేనే వినపడుతుంది. వరండా చివర స్టేషను గది. దాని తలుపుకు తాళం, తాళానికి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. తాళంచెవి చౌడయ్య మొలతాడుకు వేలాడుతోంది. అమావాస్యనాడు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెను తీసి, దారం కండెతో సహా దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంటారు ఆ ఊళ్ళో. స్టేషను తాళంచెవిని కూడా పొద్దున ఆ నాడెల పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుని ఇప్పుడే తెచ్చాడాయన.

జ్ఞానేశ్వరి చిన్న రేడియోని పిట్టగోడ మీద పెట్టి, పోగు రేడియో పలికే చోటుకి ముల్లు తిప్పింది. సన్నటి బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ రాలేదు.

"ఊరికే ఉండనీండి," అని చౌడయ్య ఎదురుగా వచ్చి గట్టిగా అడిగింది. "ముందు గది చూద్దాం. తీస్తారా?"

"తీయనమ్మా," అన్నాడు చౌడయ్య.

"చౌడయ్యగారూ!" మాస్టారి మొహంలో రక్తం లేదు. "ఆవిడ తనిఖీకొచ్చారండీ!"

"తెలుసు మాస్టారూ. రేపు పొద్దున్నే తీస్తా. ఈ రాత్రికి మా ఇంట్లోనే ఉండమనండి. మా ఆడవాళ్ళు పప్పుచారు కాస్తే ఉయ్యూరు నుంచి వచ్చి తాగిపోతారు. ఇవాళ మాత్రం తీయను. ఆడే సామాను ఏదైనా ఇవాళ ఆడకూడదు."

"తాళం తీయలేదని కూడా నేను రాసుకోవాలి కదండీ," అంది జ్ఞానేశ్వరి. ఆవిడ గొంతులో కోపం లేదు.

"రాసుకో తల్లీ. ఉన్నదే కదా రాసుకుంటావు."

ధనశ్రీ స్తంభం పక్కన మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఇదంతా వింటోంది. నిజానికి ఆ పళ్ళెం ఆమె తేవాల్సింది కాదు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే అందరికంటే ముందు నాయనమ్మ సుబ్బరత్నం ఉంటుంది. పేరేంటి, ఊరేంటి, పిల్లలెందరు అని అడగందే వదలదు. ఇవాళ పొద్దున్నే మజ్జిగ చిలికి ధనశ్రీ చేతికిచ్చి, "మోకాలు లాగేస్తోందే, నువ్వూ తాతా వెళ్ళండి," అంది. అమ్మానాన్నలు విజయవాడలో బట్టల కొట్టు దగ్గరే ఉంటారు కాబట్టి ఇంట్లో ఇప్పుడు నాయనమ్మ ఒక్కతే ఉంది.

జ్ఞానేశ్వరి మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అసలు సంగతికి వచ్చింది.

"మాస్టారూ, పోయిన అమావాస్యనాడు మీ స్టేషన్లో వార్తలు వచ్చాయి. అవునా కాదా?"

"కాదండీ. ఎలా వస్తాయండీ? అమావాస్యనాడు మేం అసలు తెరవం. ఈ పదేళ్ళలో ఒక్క అమావాస్యనాడు కూడా..."

మాట మధ్యలోనే ఆయనకు తట్టింది. నాలుక కరుచుకున్నారు. కానీ ఆవిడ అప్పటికే రాసుకుంటోంది.

"రోజూ కనీసం రెండు గంటలు పలకాలని మీ ఒప్పందంలో ఉంది. ఆపాల్సొస్తే ముందే చెప్పాలనీ ఉంది. సంతకం మీదే కదండీ?"

"నాదేనండీ."

"మరి అమావాస్యనాడు మీరు పలికితే వార్తల తప్పు. పలక్కపోతే ఆపేసిన తప్పు. ఏ తప్పు రాసుకోమంటారు?"

ధనశ్రీకి పళ్ళెం బరువెక్కినట్టయింది. ఒప్పందం పొడిగించకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. గది ఖాళీ చేయాలి. మేడమీది యాంటెన్నా స్తంభం దించాలి. పొద్దున్నే మగ్గం గుంటల్లో కాళ్ళు పెట్టుకుని నేసేవాళ్ళకి, ఒకరి గుమ్మంలోంచి ఒకరికి వినిపించే ఆ మాటలూ పాటలూ ఉండవు. నూలు ధర పెరిగిందనో, కళ్ళ డాక్టరు వస్తున్నాడనో చెప్పే మనిషి ఉండడు. తనకు ఆ హెడ్‌ఫోన్లు ఉండవు.

"అసలు నాకు తెలీక అడుగుతాను," అన్నాడు చౌడయ్య ముందుకు వంగి. "గాలికి పట్టా ఏంటమ్మా? అందులోనూ పదేళ్ళకోసారి మళ్ళీ అడగడమేంటి?"

జ్ఞానేశ్వరి నవ్వింది. ఆయనకు వినపడేట్టు గొంతు పెంచింది. "మీ పొలాలకి నీళ్ళెలా వస్తాయండీ?"

"కాలవ నుంచి. తూములోంచి."

"ఇష్టమొచ్చినవాళ్ళు ఇష్టమొచ్చిన చోట గట్టు కొట్టి తూము పెట్టుకుంటే?"

"ఎవడికీ నీళ్ళుండవు. తలకాయలు పగులుతాయి."

"ఇదీ అంతేనండీ. గాలిలో మీకో తూమిచ్చారు. మీ పక్కన ఇంకొకరికి ఇచ్చారు, కలవకుండా. పదేళ్ళకోసారి ఎందుకు చూస్తారంటే, తూము ఇంకా మీ చేతిలోనే ఉందా, మీ ఊరి కోసమే పారుతోందా, లేకపోతే ఎవరికైనా అద్దెకిచ్చేసి మీరు గట్టు మీద కూర్చున్నారా అని."

"అయితే అడగాల్సిందే," అని ఒప్పుకున్నాడు చౌడయ్య. "మేం మాత్రం అద్దెకివ్వలేదు."

"అదే తేలాలి," అని ఆవిడ ఫోను తీసింది. "పోయిన అమావాస్యనాడు మావాళ్ళు పట్టింది. వినండి."

ముందు గాలి హోరు వచ్చింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు.

*నమస్కారం. వార్తలు. డెల్టా కాలువలకు నీళ్ళు ఎప్పుడు వదిలేదీ త్వరలోనే తేలుస్తామని అధికారులు చెప్పారు. కంకిపాడు మార్కెట్లో కూరగాయల ధరలు...*

గొంతు చల్లగా, తొందర లేకుండా, మాటకూ మాటకూ మధ్య సరిగ్గా ఊపిరి తీసుకుంటూ సాగింది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆ కష్టంలో కూడా ఆయన్లో ఉన్న మాస్టారు ఊరుకోలేదు.

"ఎవరో గానీ బాగా చదువుతోందండీ. ళకారం చూడండి ఎంత చక్కగా పలికిందో. ఇలాంటి పిల్ల మా దగ్గరుంటే నేను పొద్దున్నే లేచి శుభోదయం చెప్పే పనే ఉండేది కాదు."

"మీ దగ్గర లేదంటారు?"

"లేదండీ. ఊళ్ళో పిల్లల గొంతులన్నీ నాకు తెలుసు. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు."

ధనశ్రీ మాత్రం ఆ గొంతు వినడం లేదు. కత్తిరించే పని అలవాటైన చెవి కదా, మాటల వెనకాల ఏముందో అక్కడికే పోతుంది. మాటల వెనకాల సన్నగా ఒక శబ్దం ఉంది. టక్. టక్. ఆమె పళ్ళెం కింద పెట్టింది. మాస్టారి దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పబోయింది.

"నాకే చెప్పమ్మా," అంది జ్ఞానేశ్వరి. "నేను కరవను."

అందరూ తన వైపే చూస్తున్నారు. ధనశ్రీకి చెవుల దాకా వేడెక్కింది. అయినా తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయింది.

"వెనకాల మగ్గం ఆడుతోందండీ."

"ఆడితే?"

"అమావాస్యనాడు మా ఊళ్ళో మగ్గం ఆడదండీ. ఒక్కటి కూడా. ఇప్పుడు వినండి."

అందరూ విన్నారు. ఎక్కడో కాకి అరిచింది. చేతిపంపు కిర్రుమంది. పిట్టగోడ మీద రేడియో బుస్సుమంటోంది. అంతే. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా మగ్గం చప్పుడన్నది లేదు.

"అంటే ఇది అమావాస్యనాడు చదివింది కాదండీ," అంది ధనశ్రీ. "ముందెప్పుడో చదివి దాచి పెట్టుకున్నది."

"ఏమంటోంది మాస్టారూ?" అన్నాడు చౌడయ్య.

"మీ మనవరాలు వాదిస్తోందండీ, మన తరఫున!"

"ఇదా? వాదిస్తోందా?" చౌడయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

జ్ఞానేశ్వరి కలం ఆపి ధనశ్రీ వైపు కొత్తగా చూసింది. "మంచి చెవి నీది. మా ఆఫీసులో ఎవరూ పట్టుకోలేదు. కానీ అమ్మాయ్, అది మీకు మేలు చేయదు. ముందే చదివి పెట్టుకున్నారంటే, మీ కంప్యూటర్లో ఎక్కించి, అమావాస్యనాడు దానంతటదే వచ్చేట్టు పెట్టి తాళం వేసుకెళ్ళారనేగా? పండగ చేసుకుంటున్నామని చెప్పి లోపల వార్తలు నడిపించారనేగా?"

ధనశ్రీ మనసు చివుక్కుమంది. తను నోరు విప్పింది కాపాడటానికి. పడింది మాత్రం స్టేషను మీదే ఇంకో తప్పు.

"ఇంకోసారి వింటానండీ," అంది. "హెడ్‌ఫోన్లతో."

మెళ్ళో ఎప్పుడూ వేలాడే ఆ హెడ్‌ఫోన్లనే ఫోనుకు తగిలించుకుని కళ్ళు మూసుకుంది. మాటల్ని పక్కన పెట్టి మగ్గాన్నే విన్నది. ఎవరి మగ్గం? నేల మీద చట్రంతో నిలబడే మగ్గానికి ఒక రకం చప్పుడు, గుంట మగ్గానికి ఇంకో రకం. ఇది గుంట మగ్గం. చీర కాదు, పంచె నేస్తున్నారు, దెబ్బ తేలిగ్గా పడుతోంది. టక్, టక్... ఆగి, టక్. టక్, టక్... ఆగి, టక్. మూడో దెబ్బ దగ్గర ఎందుకాగుతోంది? తొక్కుడు చెక్కను కుడికాలితో తొక్కాల్సి వచ్చినప్పుడల్లా ఆ నేసే మనిషి ఒక్క క్షణం వెనకాడుతోంది. కుడి మోకాలు నొప్పి ఉన్న మనిషి.

ధనశ్రీ కళ్ళు తెరిచింది.

ఆ చప్పుడు వింటూనే ఆమె పెరిగింది. దాని పక్కన కూర్చునే హోంవర్కు చేసింది. దాని పక్కనే, ఆ చప్పుడులో తన గొంతు కలిసిపోయి వీధిలోకి వినపడదన్న ధైర్యంతో, రోజూ సాయంత్రం పేపరు గట్టిగా చదువుతుంది.

అప్పుడు మళ్ళీ గొంతు విన్నది. *కంకిపాడు మార్కెట్లో కూరగాయల ధరలు...* ఆ వార్త తనకు తెలుసు. "ధరలు" దగ్గర పేజీ తిప్పిన చప్పుడు కూడా తెలుసు. ఆ గొంతు ఎవరిదో తెలియకపోవడానికి కారణం ఒక్కటే. లోకంలో తను ఎప్పుడూ బయటి నుంచి వినని గొంతు అదొక్కటే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మాస్టారే గుర్తుపట్టలేదు. ఏడాదిగా ఆమె నోటి నుంచి ఆయన విన్నది "అలాగే మాస్టారూ" అన్న రెండు మాటలే కదా. ఊరుకుంటే తను బయటపడదు. కానీ స్టేషను మునుగుతుంది, ఎవరో తెలియని పిల్ల పేరు మీద మునుగుతుంది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"అది నా గొంతేనండీ," అంది ధనశ్రీ.

హెడ్‌ఫోన్లు తీసి ఫోను జ్ఞానేశ్వరి చేతికిచ్చేసింది.

"నేనే చదివానండీ. ఇంట్లో. మా నాయనమ్మ నేస్తుంటే పక్కన కూర్చుని. మాస్టారు చదువుకోమన్నారని. రేడియోలో పెట్టడానికి కాదండీ. నేనెప్పుడూ పెట్టలేదు. ఒట్టు."

"నువ్వా?" మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకోవడం మర్చిపోయి ఆమె వైపు చూశారు. "ఏడాది పాటు బతిమాలాను కదే! మైకు ముందు ఒక్క నమస్కారం చెప్పవే అంటే గోడ వైపు తిరిగి నిలబడ్డావు. ఇంత గొంతు పెట్టుకుని దగ్గులు కత్తిరిస్తూ కూర్చున్నావా?"

"మాస్టారూ, అది తర్వాత," అంది జ్ఞానేశ్వరి. ధనశ్రీని దగ్గరకు పిలిచి పక్కన కుర్చీ చూపించింది. ధనశ్రీ కూర్చోలేదు. "ఆ రికార్డరు స్టేషన్లో పెడతావా?"

"లేదండీ. ఇంట్లోనే. మగ్గం గదిలో గూట్లో."

"కంప్యూటర్లోకి ఎప్పుడైనా ఎక్కించావా?"

"లేదండీ. నేను వినను కూడా వినలేదండీ."

జ్ఞానేశ్వరి కలానికి మూత పెట్టింది. "నమ్మాలనే ఉంది. కానీ నేను నమ్మడం వేరు, రాయడం వేరు. గొంతు నీదని నువ్వే చెప్పావు. పలికింది మీ స్టేషను వచ్చే చోట. ఇంకేం రాయను చెప్పు?"

ఆ మాట పూర్తవుతుండగా బుస్సుమనే శబ్దం ఆగిపోయింది.

ముందు గమనించింది ధనశ్రీ. పిట్టగోడ వైపు తల తిప్పింది. రేడియోలో ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

*నమస్కారం. వార్తలు.*

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. రేడియోలో ధనశ్రీ మాట్లాడుతోంది. వరండాలో ధనశ్రీ నోరు మూసుకుని నిలబడి ఉంది. అది మొన్న సాయంత్రం చదివిన పేపరు. వెనకాల మగ్గం. టక్, టక్... ఆగి, టక్.

జ్ఞానేశ్వరి ఒక్క అంగలో స్టేషను గది దగ్గరికి వెళ్ళింది. తాళం పట్టుకుని లాగింది. ఆవిడ వేళ్ళకు పసుపు అంటింది, తాళం కదల్లేదు. తలుపుకు చెవి ఆనించింది. లోపల ఫ్యాను శబ్దం కూడా లేదు. గోడ మీద కరెంటు మీటరు వైపు చూసింది. గదిలో ఏది తిరిగినా టపటపా కొట్టుకునే ఎర్ర లైటు వెలగకుండా ఉంది. రేడియోలో మాత్రం చల్లపల్లి బస్సుల వేళలు మారాయని ధనశ్రీ నింపాదిగా చెబుతోంది.

"ఇక్కణ్ణుంచి కాదు," అంది జ్ఞానేశ్వరి మెల్లగా. "మీ గదిలోంచి కాదు."

"కాదని చెప్పానా లేదా!" మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "తాళం మీ కళ్ళ ముందే ఉంది కదండీ! పసుపు కూడా చెరగలేదు!"

"ఏమైంది?" అన్నాడు చౌడయ్య.

మాస్టారు ఆయన చెవి దగ్గర అరిచి చెప్పారు. చౌడయ్య మొహం మెల్లగా విచ్చుకుంది. "తీయనన్నాను కదమ్మా. తీసుంటే ఇప్పుడు మేమే లోపల మీట నొక్కామనే దానివి."

జ్ఞానేశ్వరి చేతికంటిన పసుపు చూసుకుని తల ఊపింది. "నిజమేనండీ. మీరు తాళం తీయకపోవడమే మీకు సాక్ష్యం అయింది. అమావాస్య సెలవు సంగతి ముందే చెప్పి అనుమతి తీసుకోవాల్సింది, అది తప్పే. కానీ చెప్పుకుంటే తీరే తప్పు. నేనే రాస్తాను. వార్తలు మీవి కావని కూడా రాస్తాను. పొడిగింపు ఆగకూడదు."

మాస్టారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. స్టేషను ఉంటుంది. స్తంభం ఉంటుంది. హెడ్‌ఫోన్లు ఉంటాయి.

"కానీ మీ తూములోంచి ఎవరో దొంగనీళ్ళు పెడుతున్నారు," అంది జ్ఞానేశ్వరి. ఈసారి ఆవిడ గొంతు మారింది. పొడుగాటి సంచి విప్పి, చేప ముల్లులా అడ్డకమ్మీలున్న ఒక యాంటెన్నా, దానికి తగిలించే చిన్న పెట్టె బయటికి తీసింది. "ఒప్పందం ఉన్నవాళ్ళు తప్పు చేస్తే సంజాయిషీ అడుగుతాం. ఒప్పందమే లేకుండా పలికేవాళ్ళని అడగం. సామాను పట్టుకెళ్తాం, కేసు పెడతాం. ఊళ్ళో ఇలాంటి మిషను ఎవరి దగ్గరుంది?"

"మా ఊళ్ళోనా? మగ్గాలు తప్ప మిషన్లెక్కడివండీ!" అన్నారు మాస్టారు.

ఆవిడ వీధిలోకి దిగింది. అందరూ వెనకే దిగారు. చేప ముల్లును ముందు కాలవ గట్టు వైపు పట్టింది. పెట్టె మీద వెలిగే సిగ్నలు గీతలు పడిపోయాయి. పాఠశాల వైపు తిప్పింది. ఒక గీత లేచి పడింది. మెల్లగా, నిప్పుల్లాంటి ఆ ఎండలో, ఆవిడ యాంటెన్నాను రంగులద్దే షెడ్డు దాటించి, కొట్టు దాటించి, ఎడమ చేతి వీధి వైపు తీసుకొచ్చింది. గీతలన్నీ ఒక్కసారి పైకి లేచి అక్కడే నిలబడ్డాయి.

ఆ వీధిలో ఇళ్ళు నాలుగే. మూడిళ్ళవాళ్ళు తలుపులు వేసుకుని పొద్దున్నే కృష్ణలో స్నానానికి వెళ్ళారు. చివరింటి తలుపు తెరిచే ఉంది. గుమ్మానికి నాయనమ్మ నేసిన పంచె ముక్క కర్టెనుగా వేలాడుతోంది.

మాస్టారు అటు చూసి, చౌడయ్యను చూసి తల దించుకున్నారు. చౌడయ్యకు ఈ మాటలేవీ వినపడలేదు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

మోకాలు లాగేస్తోందే, నువ్వూ తాతా వెళ్ళండి, అంది పొద్దున నాయనమ్మ.

"అమ్మాయ్," అంది జ్ఞానేశ్వరి, కళ్ళు ఆ గుమ్మం మీంచి తిప్పకుండా. "ఆ చివరింట్లో ఎవరుంటారు?"

వరండాలో పిట్టగోడ మీద ధనశ్రీ గొంతు తడబాటన్నది లేకుండా వార్తలు చదువుతూనే ఉంది. వీధిలో ధనశ్రీకి గొంతు పెగల్లేదు.